రోహిణి కార్తెలో మామునూరు రన్‌వే ఎత్తెంత?

మామునూరు విమానాశ్రయం మళ్లీ తెరుచుకుంటుందనగానే వరంగల్‌లో అందరూ టికెట్ల గురించే మాట్లాడుతున్నారు. సొంతంగా చిన్న విమానం నడపాలని ఉబలాటపడే కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్లకు నేను ముందు చెప్పేది ఒక బాంబరు కథ.

1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డులో బోయింగ్ వారి మోడల్ 299 నేల విడిచీ విడవగానే ముక్కు పైకెత్తి, నిలదొక్కుకోలేక కూలిపోయింది. ఇంజన్లు నాలుగూ బాగానే పనిచేశాయి. నిలిపి ఉంచినప్పుడు గాలికి కదలకుండా కంట్రోళ్లకు వేసే లాక్ తీయడం మరిచారు, అంతే! నడిపిన మేజర్ ప్లాయర్ హిల్ ఆరితేరిన టెస్ట్ పైలట్. అంతటివాడే మరిచాడంటే ఎక్కువ శిక్షణ ఇచ్చి లాభమేముంది? అందుకే ఏ దశలో ఏం చూసుకోవాలో కాగితం మీద రాసిపెట్టారు. చెక్‌లిస్టు అలా స్థిరపడింది. ఆ విమానమే బి-17 పేరుతో 12,700కు పైగా తయారై రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరింది.

అదే బి-17 ల్యాండయ్యాక కొందరు పైలట్లు ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) ఎత్తబోయి చక్రాలు ముడిచేసేవారు. రెండు స్విచ్‌లూ ఒకేలా, పక్కపక్కనే ఉండటమే కారణమని 1943లో ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పట్టుకున్నాడు. చక్రాల స్విచ్‌కు చిన్న చక్రం, ఫ్లాప్స్ స్విచ్‌కు రెక్క ఆకారం తగిలించాడు. చీకట్లోనూ చేతికి తెలిసిపోతుంది.

ఇక మన ఎండల సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, రెక్కల కింద గాలి కూడా పలచబడుతుంది. మామునూరు సముద్రమట్టానికి సుమారు 900 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో విమానాల లెక్కలకు ఆధారంగా తీసుకునే ప్రామాణిక ఉష్ణోగ్రత 13 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీలుంటే 31 ఎక్కువ. ఎక్కువైన ప్రతి డిగ్రీకీ గాలి మరో 120 అడుగులు పైన ఉన్నంత పలచబడుతుంది. ఆ లెక్కన విమానానికి ఆ రన్‌వే దాదాపు 4,600 అడుగుల ఎత్తున ఉన్నట్టే, అరకు కంటే పైన! ఇంజను బలం, ప్రొపెల్లర్ లాగుడు, రెక్కలు పైకి లేపే బలం (లిఫ్ట్) మూడూ ఒకేసారి తగ్గుతాయి.

కన్ను చేసే మోసం ఇంకొకటి. ఆ పలచని గాలిలో స్పీడోమీటరు 60 నాట్లు (గంటకు సుమారు 111 కి.మీ.) చూపిస్తుంటే అసలు వేగం 64 దాకా ఉంటుంది. నేల జోరుగా వెనక్కి పోతుంటే చాలనిపించి, ముక్కు ముందే ఎత్తేస్తారు. రెక్కలకు తగిలే గాలి జోరును చూపేది మీటరే. కళ్లను కాదు, దాన్నే నమ్మాలి. వేసవిలో తెల్లవారుజామునే బయలుదేరాలి, బరువు తగ్గించాలి, మాన్యువల్‌లోని టేకాఫ్ పట్టికను ఆ రోజు ఉష్ణోగ్రతతోనే చదవాలి.

రన్‌వే సగానికి వచ్చేసరికి టేకాఫ్ వేగంలో 70 శాతం అందకపోతే థ్రాటిల్ (ఇంజను జోరును అదుపు చేసే మీట) మూసి ఆపేయాలన్నది పైలట్ల పాత లెక్క. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది, 0.7 వర్గం సుమారు సగం. సగం దూరంలో సగం శక్తి కూడా రాలేదంటే మిగతా సగం రన్‌వే సరిపోదు.