చిన్నతాతయ్య కాలేయంలో కొవ్వు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఫోనులో మీరు అడిగిన ప్రశ్నకు జవాబు రాస్తానన్నాను. క్లోమానికి ఆపరేషన్ అయ్యాక చిన్నతాతయ్య బక్కచిక్కిపోయాడు కదా, అలాంటి మనిషి కాలేయంలో కొవ్వు పేరుకుందని స్కానింగులో ఎలా వచ్చిందని మీ సందేహం. లావుగా ఉన్నవాళ్లకే కొవ్వు పడుతుందని లోకమంతా అనుకుంటుంది గనుక మీరు అడగడం సబబే.

క్లోమం ఇన్సులిన్ తయారుచేస్తుందని చదువుకునే ఉంటారు. తిన్న నూనెను, పప్పును, మాంసాన్ని అరిగించే రసాలను పేగులోకి పంపేదీ అదే. చిన్నతాతయ్యకు గడ్డ ఉన్న క్లోమపు తలభాగాన్ని, దాన్ని ఆనుకున్న చిన్నపేగు మొదటి భాగాన్ని, పిత్తాశయాన్ని తీసివేసి, మిగిలిన క్లోమాన్ని పేగుకు కుట్టారు. విపుల్ అనే అమెరికా వైద్యుడు 1935లో ఈ పద్ధతిని ప్రకటించాడు. మిగిలిన ముక్క నుంచి రసం చాలినంత రాకపోతే తిన్నది ఒంటికి పట్టదు. విరేచనం జిడ్డుగా అవుతుంది. నవ్వకండి, డాక్టర్లు మొదట అడిగేది ఆ సంగతే.

ఇక కాలేయం తనలోకి చేరిన కొవ్వును సంచుల్లోకి ఎత్తి నెత్తురులోకి పంపిస్తుంది. మా చిన్నప్పుడు ఒక ఏడాది కుప్పనూర్పిళ్లు అయ్యాక టౌను నుంచి గోనెసంచులు రాలేదు. వడ్లు మంచుకు తడుస్తాయని ముందు వసారాలో, తరువాత నడవలో, చివరకు మేము పడుకునే గదిలో పోయించారు. నేనూ చిన్నతాతయ్యా ఆ రాశి మీద దొర్లి, ఒళ్లంతా నూగు అంటుకుని దురదలు పుట్టి, మా అమ్మ చేత తిట్లు తిన్నాం. చూసినవాళ్లు బాగా పండిందని మెచ్చుకునేవారు గాని, నిజానికి ఆ ఏడు పంట తక్కువే. బండి కదలక, చేతిలో డబ్బు ఆడక మా నాన్న దిగాలుగా ఉండేవాడు. సంచులు వచ్చాక ఆయన దబ్బనంలో పురికొస ఎక్కించి మూతులు కుట్టుకుంటూ పోతే ఇల్లు ఖాళీ అయింది.

కాలేయపు సంచులకు జనపనార వంటివి మాంసకృత్తులు. అవి అరగకపోతే సంచి నేత సాగదు, కొవ్వు ఉన్నచోటే గుట్టపడుతుంది. సంచి పైపొరకు కోలిన్ అనే పదార్థమూ కావాలి. ఇన్సులిన్ తగ్గడం వంటి ఇతర కారణాలూ తోడవుతాయి. అయితే ఈ ఆపరేషన్ అయిన అందరికీ ఇలా జరగదు.

ఇన్సులిన్ కనుగొన్న టొరంటోలోనే, 1920లలో, క్లోమం తీసేసిన కుక్కలను ఇన్సులిన్‌తో నెలల తరబడి బతికించారు. చక్కెర అదుపులో ఉన్నా వాటి కాలేయాలు కొవ్వుతో నిండిపోయాయి. పచ్చి క్లోమాన్ని తిండిలో కలిపి పెడితే తేరుకున్నాయి. తరువాత లెసిథిన్ అనే కొవ్వు వంటి పదార్థంతో, 1932 నాటికి అందులోని కోలిన్‌తోనూ మేలు జరుగుతుందని ఇన్సులిన్ కనుగొన్నవారిలో ఒకడైన బెస్ట్, ఆయన బృందం చూపారు. చిన్నతాతయ్య అన్నం మొదటి ముద్దతో మింగే కాప్స్యూళ్లలో ఉన్నవి పందుల క్లోమం నుంచి తీసిన ఎంజైములే. కడుపులోని ఆమ్లానికి పాడవకుండా వాటి గుళికలకు పూత వేస్తారు. వాటిని సరిగా వాడిన చాలామందిలో కాలేయపు కొవ్వు తగ్గడం వైద్యులు గమనించారు.

కొవ్వు అనే మాట వినగానే చుట్టాలందరూ ఆయనకు పస్తులు, పథ్యాలు చెబుతున్నారు. మీరు మాత్రం చెప్పకండి. పప్పూ గుడ్డూ తగ్గిస్తే సంచులు ఇంకా కరువవుతాయి. ఆయన తిండి విషయం ఆయన డాక్టరు చూసుకుంటారు.

ఇంతకుమించి చెబితే మీకు విసుగు. ఆదివారం అమ్మనడిగి గాజు గ్లాసులో నీళ్లు, చెంచా నూనె పోసి గిలకొట్టండి. నూనె మళ్లీ పైకి తేలుతుంది. ఇప్పుడు గుడ్డులోని పచ్చసొన వేసి గిలకొట్టండి. ఆ సొనలో ఉన్నది లెసిథినే. ఈసారి నూనె ఎంతసేపటికి విడిపోయిందో, అసలు విడిపోయిందో లేదో చూసి నాకు రాయండి.