అమెరికా కాలేజీ టెన్నిస్ కోచ్‌కి మెయిల్ రాయడం: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఓ చిన్న కాలేజీ టెన్నిస్ జట్టుకి రెండేళ్లు అసిస్టెంట్ కోచ్‌గా పనిచేశాను. బంతుల బుట్టలు మోయడం, వ్యాన్ నడపడం, రాకెట్లకి స్ట్రింగ్ వేయడం అన్నీ నా పనులే. వీటితో పాటు ఇంకోటి ఉండేది. జట్టులో చోటు కోరుతూ ఎక్కడెక్కడి నుంచో పిల్లలు పంపే మెయిళ్లు చదివి, పనికొచ్చేవి హెడ్ కోచ్‌కి చూపించడం. ఒక్కో మెయిల్‌కి నేనిచ్చిన సమయం నిమిషం కూడా ఉండదు. ఇప్పుడు హైదరాబాద్‌లో పిల్లలకి ఆట నేర్పుతున్నాను, వాళ్లు మెయిళ్లు రాస్తుంటే పక్కన కూర్చుంటున్నాను. కోర్టు పక్క బెంచీల మీద తల్లిదండ్రులు చెప్పుకునే మాటలకీ, ఆ రోజుల్లో నేను చూసినదానికీ పొంతన ఉండదు. నాకు తెలిసింది టెన్నిస్ కాబట్టి లెక్కలన్నీ టెన్నిస్‌వే చెబుతాను.

అపోహ: మెయిల్ అంటే వినయంగా పెట్టుకునే అర్జీ

బళ్లో లీవ్ లెటర్‌తో పట్టుకున్న జబ్బు ఇది. "రెస్పెక్టెడ్ సర్, ఐ బెగ్ టు స్టేట్ దట్" అని మొదలవుతుంది. టెన్నిస్ అంటే ప్రాణమని, నాన్న ఎంత కష్టపడి ఆడిస్తున్నారో అని, ఒక్క అవకాశం ఇస్తే రుజువు చేసుకుంటానని రెండు పేజీలు సాగుతుంది. ఆ 'సర్' ఒక్కోసారి మహిళా కోచ్ అయి ఉంటుంది. అక్కడితో ఆ మెయిల్ కథ ముగిసినట్టే.

అవతల కూర్చున్న మనిషికి మీ మీద దయ చూపించే తీరిక లేదు. ఆయన వెతుకుతున్నది జట్టులో ఖాళీకి సరిపోయే ఆటగాణ్ణి. కాలేజీ టెన్నిస్‌లో రెండు జట్లు తలపడితే ముందు మూడు డబుల్స్ మ్యాచ్‌లు ఆడతారు. అందులో రెండు గెలిచిన జట్టుకి ఒక పాయింట్. తర్వాత ఆరు సింగిల్స్, ఒక్కోదానికి ఒక పాయింట్. జట్టులో మేటి ఆటగాడిది ఒకటో నంబరు, అలా ఆరో నంబరు దాకా. మొత్తం ఏడులో నాలుగు వచ్చినవాళ్లది గెలుపు. కోచ్ బుర్రలో ఏడాది పొడుగునా తిరిగేది ఇదే లెక్క. వచ్చే ఏడాది మూడో నంబరు, ఐదో నంబరు ఆడేవాళ్లు డిగ్రీ పూర్తిచేసి వెళ్లిపోతున్నారు, వాళ్ల చోట ఎవరు? రెండో డబుల్స్‌కి నెట్ దగ్గర నిలబడేవాడు లేడు, ఎడమచేతివాడు దొరికితే బాగుండు. మీ మెయిల్ ఈ ప్రశ్నలకి జవాబైతే మొత్తం చదువుతారు.

అందుకని మొదటి మూడు వాక్యాల్లోనే ఏ ఏడాది ఆగస్టులో చేరగలరో, యూటీఆర్ (యూనివర్సల్ టెన్నిస్ రేటింగ్) ఎంతో, ఏ చేతివాటమో, డబుల్స్‌లో ఏ వైపు ఆడతారో, మార్కులెంతో వచ్చెయ్యాలి. సబ్జెక్ట్ లైన్ కూడా అంతే. "2027 ఫాల్, ఎడమచేతి, యూటీఆర్ 10.8, విజయవాడ, ఇండియా" అన్న తరహాలో ఇంగ్లిష్‌లో పెడితే (ఫాల్ అంటే ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్), తెరవకముందే సగం సంగతి తెలిసిపోతుంది. "రిక్వెస్ట్ ఫర్ స్కాలర్‌షిప్" అని పెడితే ఏమీ తెలియదు.

'క్లాస్ ఆఫ్ 2027' అన్న మాట దగ్గర మనవాళ్లు తికమక పడతారు. అది బడి చదువు ముగించే ఏడాది, అంటే మనకి ఇంటర్ రెండో ఏడాది పూర్తయ్యే ఏడాది. కాలేజీ డిగ్రీ పూర్తయ్యే ఏడాది రాసి పంపిన మెయిళ్లు నేనే చూశాను. ఇంకా ఏడో తరగతిలో ఉన్న పిల్లాడేమో అనుకుని పక్కన పెట్టేశాం.

అపోహ: సర్టిఫికెట్లన్నీ జతచేస్తేనే నమ్ముతారు

ప్రతి ఇంట్లో అమ్మ దగ్గర ఒక ఫైల్ ఉంటుంది. అండర్-10 జిల్లా పోటీ నుంచి అన్నీ లామినేట్ చేయించి దాచినవి. దాని విలువ ఆ ఇంటికి తెలుసు, నాకూ తెలుసు. కానీ ఇరవై నాలుగు అటాచ్‌మెంట్లున్న మెయిల్‌ని ఏ కోచూ తెరవడు. ఎస్‌జీఎఫ్‌ఐ (మన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) అంటే ఏంటో, 'నేషనల్ ప్లేయర్' అంటే గెలిచాడనా పాల్గొన్నాడనా, కాన్సస్‌లో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది?

కోచ్ నమ్మేది యూటీఆర్‌ని. 16.50 దాకా వెళ్లే ఆ రేటింగ్, మీరు ఎవరి మీద ఏ స్కోరుతో గెలిచారో ఓడారో చూసి లెక్కకడుతుంది. దేశం మారినా దాని అర్థం మారదు. దానితో పాటు ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) జూనియర్ ర్యాంకు ఉంటే అది, ఏఐటీఏ (మన దేశ టెన్నిస్ సంఘం) ర్యాంకు ఉంటే ఏ వయసు విభాగంలోనో చెబుతూ అది. అంతే చాలు.

అన్నిటికంటే ముందు మీ పేరు సరిచూసుకోండి. ఇది మన పేర్లకి తరచూ వచ్చే చిక్కు. ఏఐటీఏలో ఇంటి పేరు ముందు, యూటీఆర్‌లో ఇనిషియల్‌గా, పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో, మెయిల్ కింద ముద్దుపేరు. కోచ్ యూటీఆర్‌లో పేరు కొట్టి వెతుకుతాడు, దొరకదు, తర్వాతి మెయిల్‌కి వెళ్లిపోతాడు. అన్నిచోట్లా ఒకే పేరు పెట్టుకోండి. మెయిల్‌లో ప్రొఫైల్ లింకు ఇచ్చేయండి.

అపోహ: ఓటముల గురించి రాయకూడదు

రాయాలి. మీకంటే రేటింగ్‌లో ఒక మెట్టు పైనున్నవాడితో మూడో సెట్ దాకా ఆడి 7-5తో ఓడిపోతే, అది మీ స్థాయి ఏంటో చెప్పే మంచి సాక్ష్యం. మొదటి రౌండ్లో ఎవరో పసివాణ్ణి 6-0, 6-0తో గెలిచిన సంగతి ఏమీ చెప్పదు. ఎలాగూ కోచ్ యూటీఆర్ తెరిస్తే ఓటములన్నీ అక్కడే కనిపిస్తాయి.

అపోహ: వీడియో అదిరిపోవాలి

స్లో మోషన్, వెనక సినిమా బీజీఎమ్, కొట్టిన ప్రతి బంతీ విన్నరే. ఇలాంటి వీడియోలు చూసి నవ్వుకునేవాళ్లం, అంతకుమించి ఏమీ తేల్చుకోలేకపోయేవాళ్లం. రెండు విన్నర్ల మధ్య ఆ పిల్లాడు చేసిన తప్పులెన్ని? పాయింట్ పోయాక మొహం ఎలా పెట్టాడు? మేం చూడాలనుకున్నవి అవి.

కెమెరా బేస్‌లైన్ వెనక, కాస్త ఎత్తులో పెట్టండి. కోర్టు మొత్తం కనపడాలి. రెండు మూడు నిమిషాలు ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్, వాలీ, సర్వీసు. తర్వాత కత్తిరించకుండా మ్యాచ్‌లో కొన్ని గేమ్‌లు, స్కోరు ఎంతో రాసి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకు పంపండి. గూగుల్ డ్రైవ్ లింకు పంపి పర్మిషన్ ఇవ్వడం మర్చిపోయేవాళ్లు చాలామంది. 'రిక్వెస్ట్ యాక్సెస్' అని వచ్చిందంటే ఎవరూ రిక్వెస్ట్ పెట్టరు.

అపోహ: జవాబు రాలేదంటే వద్దన్నట్టే

తొమ్మిదో తరగతి పిల్ల మెయిల్ పెట్టింది, నాలుగు నెలలైనా ఒక్క ముక్క జవాబు లేదు, పొగరు అని ఓ తండ్రి నా దగ్గర మండిపడ్డారు. పొగరు కాదండీ, నిబంధన. అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ, కాలేజీల్ని మూడు డివిజన్లుగా విడదీస్తుంది. అందులో డివిజన్ 1, డివిజన్ 2 టెన్నిస్ కోచ్‌లు అక్కడి రెండో ఏడాది హైస్కూల్, అంటే మన పదో తరగతి, పూర్తయిన ఏడాది జూన్ 15 దాకా పిల్లలతో చేరిక గురించి మాట్లాడకూడదు. పిల్లలు మాత్రం ఎప్పుడైనా రాయొచ్చు. అంతవరకూ కోచ్ పంపగలిగేది ప్రశ్నావళి, కాలేజీలో జరిగే శిక్షణ క్యాంప్ వివరాలు లాంటివే. ప్రశ్నావళి వస్తే ఆ రోజే నింపి పంపండి. డివిజన్ 3 కోచ్‌లకి ఈ తేదీ అడ్డు లేదు.

దీనికి కవలపిల్ల లాంటి అపోహ ఇంకోటుంది: క్యాంప్‌కి పిలిచారంటే తీసుకున్నట్టే అని. క్యాంప్ పిలుపు వందలమందికి వెళుతుంది. దాన్ని నమ్మి విమానం టికెట్లు కొనకండి.

పదో తరగతి దాటాక కూడా జవాబు రాకపోతే రెండు మూడు వారాలాగి మళ్లీ రాయండి. "నా మెయిల్ చూశారా" అని కాదు, కొత్త సంగతితో. రేటింగ్ మారింది, ఫలానా టోర్నీలో సెమీస్ ఆడాను, మార్కుల మెమో వచ్చింది. జనవరి నుంచి మే దాకా వాళ్లకి జట్టు పోటీల కాలం, కోచ్ సగం రోజులు బస్సులో ఉంటాడు. అప్పుడు రెండు ముక్కల్లో ముగించండి. వేసవిలో మన రాత్రి ఏడు గంటలంటే అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదిన్నర, ఆయన కాఫీతో కూర్చునే వేళ. మన పొద్దున పంపిన మెయిల్ ఆయన నిద్రలేచేసరికి అడుగున పడిపోయి ఉంటుంది.

అపోహ: నాన్న రాస్తే బాగుంటుంది, ఏజెన్సీ రాస్తే ఇంకా బాగుంటుంది

"ఐ" అని మొదలైన మెయిల్ మూడో పేరాకి "మై సన్" అయిపోవడం నేను చాలాసార్లు చూశాను. లక్షలు తీసుకుని మూడొందల కాలేజీలకి ఒకే మెయిల్ పంపే కన్సల్టెంట్లూ ఉన్నారు. అందరూ చెడ్డవాళ్లని అనను. కానీ ఒకే వారంలో ముగ్గురు పిల్లల 'జీవితాశయం' ఒకే వాక్యంలో వస్తే చదివేవాడికి తెలియదా? ఇప్పుడు చాట్‌జీపీటీతో ఆ ముగ్గురు ముప్పైమంది అయ్యారు. పదిహేడేళ్ల పిల్ల ఇంగ్లిష్‌లో ఒకటి రెండు తప్పులుంటే ఏ కోచూ పట్టించుకోడు. వేరే కాలేజీ పేరు మిగిలిపోతే మాత్రం క్షమించడు.

నా పిల్లల చేత ముప్పై నలభై కాలేజీల పట్టిక వేయిస్తాను. ప్రతి జట్టు పేజీ తెరిచి, ఆరో నంబరు ఆటగాడి యూటీఆర్ ఎంతో, ఎవరు ఏ ఏడాది వెళ్లిపోతారో రాయమంటాను. యూటీఆర్‌లో మనకంటే రెండు పాయింట్లు పైనున్న జట్టుని పట్టికలోంచి కొట్టేస్తాం. ఈ పనికి రెండు ఆదివారాలు పోతాయి, పిల్లలు సణుగుతారు. కానీ ఆ తర్వాత "మీ నాలుగో నంబరు, ఆరో నంబరు ఆటగాళ్లు 2027లో వెళ్లిపోతున్నారు, ఆ స్థాయి దగ్గర నేనున్నాను" అన్న ఒక్క వాక్యం రాయగలుగుతారు. నా రెండేళ్లలో అలా రాసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

అపోహ: ఆట బాగుంటే ఫుల్ స్కాలర్‌షిప్

మొన్నటిదాకా డివిజన్ 1 పురుషుల టెన్నిస్ జట్టుకి మొత్తం 4.5 స్కాలర్‌షిప్‌లే, అవీ ముక్కలు చేసి పంచేవాళ్లు. మహిళల జట్టుకి 8. ఆటగాళ్లు వేసిన దావాలో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందంలో చేరిన కాలేజీలకి 2025-26 నుంచి ఆ పరిమితి పోయి, జట్టులో 10 మందికి మించకూడదన్న పరిమితి వచ్చింది. పదిమందికీ డబ్బివ్వొచ్చు, ఇచ్చి తీరాలని లేదు. పైగా ఆ పది కుర్చీలకి వేరే కాలేజీల నుంచి బదిలీ అయ్యే ఇరవై రెండేళ్లవాళ్లూ పోటీ. డివిజన్ 3లోనూ, హార్వర్డ్, యేల్ లాంటి కాలేజీలుండే ఐవీ లీగ్‌లోనూ ఆటకి స్కాలర్‌షిప్ అసలు లేదు. మార్కుల్ని బట్టి, ఐవీలో అయితే ఇంటి ఆదాయాన్ని బట్టి సాయం ఉంటుంది. మొదటి మెయిల్‌లో డబ్బు ఎత్తొద్దు. ఫోన్‌లో అడిగితే ఏడాదికి ఎంత పెట్టగలరో సూటిగా చెప్పండి.

మార్కుల సంగతీ ఇక్కడే. తొమ్మిది నుంచి పన్నెండు దాకా మెమోలు అడుగుతారు, ఒక్క ఇంటర్‌వి సరిపోవు. ఎన్‌సీఏఏ తన అర్హతకి శాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) అక్కర్లేదని 2023లో తేల్చింది. యూనివర్సిటీ మాత్రం అడగొచ్చు.

అపోహ: ప్రో అవ్వాలని ఉందని రాస్తే తీసుకోరు

దానికి వెనకున్నది, కాలేజీకెళ్తే ఆట అయిపోతుందన్న పాత భయం. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ 2007, 2008లో వర్జీనియా యూనివర్సిటీ తరఫున ఎన్‌సీఏఏ సింగిల్స్ ఛాంపియన్. 2010 ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు, డబుల్స్‌లో జోడీ సనమ్ సింగ్ కూడా వర్జీనియావాడే. మన సాకేత్ మైనేని అలబామాలో ఆడి వచ్చి, 2014 ఆసియా క్రీడల్లో సానియాతో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. ఆశ ఉంటే ఒక వాక్యంలో రాయండి.

అపోహ: ఏ ఆటకైనా ఇదే దారి

హైదరాబాద్‌లో ఎక్కువమంది అడిగేది ఇదే: "మా పాప బ్యాడ్మింటన్, ఎవరికి రాయాలి?" ఎన్‌సీఏఏ ఆటల్లో బ్యాడ్మింటన్ లేదు, క్రికెట్ లేదు. చెప్పడానికి నాకే బాధగా ఉంటుంది.

చివరిగా ఫోన్. మెయిల్ నచ్చితే వీడియో కాల్ వస్తుంది, మాట్లాడాల్సింది పిల్లలే. పోయినేడు మా కుర్రాడొకడి కాల్‌లో తండ్రి కెమెరాకి పక్కగా కూర్చుని జవాబులు గుసగుసలాడారు. పది నిమిషాలయ్యాక కోచ్ నవ్వుతూ, పక్కనున్నాయన్ని కూడా తెర మీదకి రమ్మన్నాడు. ఆయన సిగ్గుపడుతూ వచ్చి నమస్కారం పెట్టి, లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. కుర్రాడు ఆ తర్వాత ఇంకో అరగంట మాట్లాడాడు, ఎక్కువగా తన సెకండ్ సర్వ్ గురించి.