డాబా మీద సోలార్, వాకిట్లో కారు

చిన్నూ, అమ్ములూ,

డాబా మీద సోలార్ ప్యానెళ్లు బిగించిన ఫోటోలు చూశాను. చాలా సంతోషమైంది. చౌటుప్పల్ దాటి లోపలికి, నిన్నమొన్నటిదాకా పత్తి చేలున్న చోట ఇల్లు కట్టుకుని మీ అమ్మానాన్నలు ఈ పని కూడా చేశారంటే మెచ్చుకోవాల్సిందే.

అమ్ములు ఫోన్‌లో అడిగింది కదా, "తాతా, గాలివానకు కరెంటు పోతే మా సోలార్ కూడా ఆగిపోయింది, పాడైందా?" అని. పాడవలేదు బిడ్డా. మీ ప్యానెళ్ల కరెంటు, దాన్ని ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ గుండా ఇంట్లోకి వస్తుంది, మిగిలింది నెట్ మీటర్ గుండా, అంటే పోయిందీ వచ్చిందీ రెండూ లెక్కగట్టే మీటర్ గుండా, బయటి లైన్‌లోకి పోతుంది. ఎక్కడో తీగ తెగిందనుకో, మా లైన్‌మన్లు ఎల్‌సీ తీసుకుని, అంటే సబ్‌స్టేషన్‌లో ఆ లైన్ బంద్ చేయించి, స్తంభం ఎక్కుతారు. అప్పుడు మీ డాబా నుంచి లైన్‌లోకి కరెంటు వస్తే పైనున్న మనిషి ప్రాణం పోతుంది. అందుకే బయటి లైన్‌లో కరెంటు పోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. స్తంభాల మీద బతుకు గడిపినవాణ్ని, ఈ ఏర్పాటు విలువ నాకు తెలుసు. బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టర్ ఉంటే ఆ కాసేపు ఫ్యాన్లు, లైట్లు నడుస్తాయి. ఖర్చు మాత్రం ఎక్కువ.

పొద్దు గూకాక మీకొచ్చేదంతా బయటి కరెంటే. కొంత మా పక్కన దామరచర్ల దగ్గర కట్టిన యాదాద్రి ప్లాంటు లాంటి చోట్ల బొగ్గు కాల్చి తీసేది. యూనిట్‌కు అరకిలోకు పైనే బొగ్గు కావాలి. కొంత సాగర్ నుంచి వస్తుంది. సాగర్ డ్యాం కింద పవర్‌హౌస్‌లో ఎనిమిది మిషన్లున్నాయి. అందులో ఏడింటిని వెనక్కి తిప్పి పంపుల్లా నడపవచ్చు. కరెంటు మిగిలిన వేళ కింది నీళ్లను మళ్లీ పైకెక్కించి, కావాల్సినప్పుడు వదలవచ్చు. పగటి ఎండను రాత్రికి దాచుకోవడానికి ఇంతకన్నా మంచి దారి మన జిల్లాలో నాకు కనబడదు. మీ వంతుగా నీళ్ల మోటారు, ఇస్త్రీ మధ్యాహ్నమే కానివ్వండి. బిల్లులో తేడా కనబడకపోయినా రాత్రి లైన్ మీద బరువు తగ్గుతుంది.

ఇక అసలు సంగతి. మీది 3 కిలోవాట్ల సోలార్. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద దానికి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. బాగా ఎండ కాసిన రోజు 12 యూనిట్ల దాకా వస్తుంది. మీ నాన్న ఆఫీసుకు రానూపోనూ 100 కిలోమీటర్లు. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చినా రోజుకు ఐదున్నర లీటర్ల పెట్రోలు. ఒక లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. లెక్క కట్టండి, 50 యూనిట్లు! నాలుగు రోజుల పాటు మీ డాబా పండించేదాన్ని కారు ఒక్క రోజులో తాగేస్తోంది. అందులోనూ ఎక్కువ భాగం వేడిగా గాల్లో కలిసిపోయేదే. ఎలక్ట్రిక్ కారు కొన్నా ఆ దూరానికి పన్నెండు, పదిహేను యూనిట్లు కావాలి. పైగా పగలంతా కారు సిటీలో ఉంటుంది, చార్జింగ్ పెట్టేది రాత్రి.

వెంచర్ వేసినవాళ్లు రోడ్లు వేశారు, గేటు పెట్టారు. పాల ప్యాకెట్‌కైనా బండి తీయాల్సిందే. బడి, కూరగాయల అంగడి, బస్సు నడిచిపోయే దూరంలో లేని కాలనీకి డాబా నిండా ప్యానెళ్లు పరిచినా చాలవు. నా బాధంతా అదే.

ఆదివారం కాలనీ మీటింగ్ ఉందన్నారు కదా. మీ ఇద్దరూ నోట్‌బుక్ పట్టుకుని వెళ్లండి. ఎల్బీనగర్ వైపు ఎవరెవరు ఎన్నింటికి బయల్దేరుతారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంటింటికీ రాయించండి. ఒకే వేళకు పోయేవాళ్లు నలుగురుంటే ఒకే కారులో మెట్రో దాకా పోవచ్చు. ముప్పై, నలభై మంది తేలితే ఆర్టీసీ డిపోలో బస్సు అడగవచ్చు. ఆ అర్జీ నేను రాస్తాను, మీతో పాటు డిపోకూ వస్తాను.

మీ తాత,
మిర్యాలగూడ