లారీ ఆపారు, సంతకం పెట్టమన్నారు: ఓనర్ల అపోహలు, అసలు వాస్తవాలు

నేను రవాణా కేసులు చూసే అడ్వకేట్‌ని. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం డ్రైవర్ సంతకం పెట్టేశాక వచ్చేవే. అప్పటికి నా చేతిలో ఉండాల్సింది సగం జారిపోయి ఉంటుంది. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో తరచూ వినిపించే కొన్ని మాటలు ఇందుకు కారణం.

అపోహ: ఓవర్‌లోడ్‌కు చలానా కట్టేస్తే బండి కదిలించుకోవచ్చు.

కుదరదు. ఎక్కువున్న సరుకు దించాకే బండి కదలాలి, దింపుడు ఖర్చూ మనదే. మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ ప్రకారం 2019 సెప్టెంబర్ 1 నుంచి జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. అంటే ఐదు టన్నులు ఎక్కువుంటే 30,000. కాటాకు రానని మొండికేసినా, కాటా పెట్టకముందే సరుకు దించేసినా 40,000.

అలాగని అధికారి బండిని ఎంత దూరమైనా తిప్పలేరు. ముందుకు వెళ్లే దారిలో 10 కిలోమీటర్ల లోపు, లేదా చేరాల్సిన చోటుకు 20 కిలోమీటర్ల లోపు ఉన్న కాటాకే తీసుకెళ్లమనాలి. కాటా స్లిప్పు కాపీ అడగండి. దాని మీద బండి నంబరు, టైము సరిగా పడ్డాయో లేదో డ్రైవర్‌ను అక్కడే చూసుకోమనండి.

అపోహ: పది టైర్ల బండికి ఇప్పుడు 28.5 టన్నులు, నా పాత బండికీ అంతే.

2018 జూలైలో మూడు యాక్సిళ్ల లారీల పరిమితి 25 నుంచి 28.5 టన్నులకు పెరిగిన మాట నిజమే. కానీ రోడ్డు మీద లెక్కకొచ్చేది మీ ఆర్‌సీలో రాసిన జీవీడబ్ల్యూ, అంటే బండి, సరుకు కలిపి ఉండగల మొత్తం బరువు. అందులో 25 అని ఉంటే మీకు 25 టన్నులే.

అపోహ: జరిమానా కట్టాం, అయిపోయింది.

కోర్టుకు వెళ్లకుండా కాంపౌండింగ్ ఫీజు (రాజీ రుసుము) కట్టి బయటపడినా, మళ్లీ అదే నేరంలో దొరికితే పాతది మొదటి నేరంగా లెక్కకొస్తుంది. పర్మిట్ మీద షోకాజ్ నోటీసు (ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పమని అడిగేది), డ్రైవర్ లైసెన్స్ సస్పెన్షన్ తర్వాత విడిగా రావచ్చు. ఓవర్‌లోడ్‌కు కనీసం మూడు నెలలు లైసెన్స్ సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు రోడ్డు భద్రత కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. లైసెన్స్ ఉత్తర్వు అందిన 30 రోజుల్లో అప్పీలు వేయాలి.

షోకాజ్ నోటీసును డాష్‌బోర్డులో పడేసి మరిచిపోయేవాళ్లే ఎక్కువ. మీ వివరణకు అవకాశం ఇవ్వకుండా పర్మిట్‌ను రద్దు చేయడానికి గానీ, సస్పెండ్ చేయడానికి గానీ మోటారు వాహనాల చట్టం 86 సెక్షన్ ఒప్పుకోదు. కారణాలు కూడా రాసివ్వాలి. సస్పెన్షన్‌కు బదులు కొంత మొత్తం కట్టించుకునే వీలూ అదే సెక్షన్‌లో ఉంది. ఉత్తర్వు వచ్చేశాక కూడా స్టేట్ ట్రాన్స్‌పోర్ట్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉంది. కాకపోతే జవాబే ఇవ్వని కేసులో అక్కడికెళ్లి నేనేం వాదించాలి?

అపోహ: ఈ-వే బిల్లు పార్టీ తలనొప్పి, బండివాడికేం?

ఈ-వే బిల్లు అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం. అది లేకపోయినా, అందులో తప్పున్నా జీఎస్టీ చట్టం 129 సెక్షన్ కింద సరుకుతోపాటు బండినీ ఆపుతారు. పార్టీ, అంటే సరుకు యజమాని ముందుకొచ్చి కడితే పన్నుకు రెండింతలు పెనాల్టీ. రాకపోతే ఇంకా ఎక్కువ. ఈలోగా మీ బండి యార్డులో, ఫైనాన్స్ కిస్తీ మీ నెత్తిన. ఓనర్లలో చాలామందికి తెలియనిది ఏంటంటే, పెనాల్టీ మొత్తం లేదా లక్ష రూపాయలు, రెండింటిలో ఏది తక్కువైతే అది ట్రాన్స్‌పోర్టర్ కట్టి బండి వరకు విడిపించుకోవచ్చు.

బండి ఆపిన ఏడు రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నోటీసు అందిన ఏడు రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. అందుకే ఆపిన తేదీ, టైము రాసి పెట్టుకోండి. డ్రైవర్ దగ్గర తీసుకునే స్టేట్‌మెంట్ ఫారం పేరు ఎంవోవీ-01. సంతకానికి ముందు దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమని డ్రైవర్‌కు లోడు ఎక్కే రోజే చెప్పండి. ఈ-వే బిల్లులో బండి నంబరు ఒకటి రెండు అంకెలు తప్పుపడితే, 2018 సెప్టెంబర్ సర్క్యులర్ ప్రకారం మొత్తం వెయ్యి రూపాయలతో తేలాలి, 129 కింద పెద్ద కేసు కాకూడదు. ఆ సర్క్యులర్ నంబరు 64. ఫోన్‌లో దాచుకోండి.

ఈ-వే బిల్లు గడువు దాటితే? గడువు ముగిసే ముందు ఎనిమిది గంటల్లో గానీ, ముగిశాక ఎనిమిది గంటల్లో గానీ పొడిగించుకోవచ్చు. బ్రేక్‌డౌనై సరుకు వేరే బండిలోకి మార్చితే ఈ-వే బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బీ మార్చాలి. అన్నీ చేతులు దాటినా ఆశ వదులుకోనక్కర్లేదు. 2020లో హైదరాబాద్‌లో నిరసనల వల్ల ట్రాఫిక్ ఆగి, ఒక కాగితం లోడు సమయానికి చేరలేదు. బిల్లు గడువు ముగిసిందని 69,000 వసూలు చేశారు. గడువు ముగిసినంత మాత్రాన పన్ను ఎగవేత అనలేమని తెలంగాణ హైకోర్టు చెప్పింది. 2022లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించి, హైకోర్టు కట్టమన్న కోర్టు ఖర్చుల మొత్తాన్నీ పెంచింది.

అపోహ: కాగితాలు ఒరిజినల్స్ లేకపోతే కేసే.

డిజిలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలో ఉన్నవి 2018 నుంచి చెల్లుతాయి. వాట్సాప్ ఫోటో చెల్లదు.

అపోహ: బండి షెడ్డులో ఉంటే త్రైమాసిక పన్ను ఉండదు.

పన్ను కట్టిన గడువు ముగిసేలోగా స్టాపేజీ (బండి తిప్పడం లేదని ఆర్టీవో ఆఫీసుకు తెలిపేది) రాసివ్వకపోతే, బండి తిరుగుతున్నట్టే లెక్క వేసి పన్ను, పెనాల్టీ రెండూ వేస్తారు. దీని మీద 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వచ్చింది. విశాఖ స్టీల్ ప్లాంట్‌లో ప్రహరీ లోపల, సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) కాపలా ఉన్న గేటు దాటకుండా పనిచేసిన 36 బండ్లకు పన్ను లేదని, ఆ చోటు బహిరంగ ప్రదేశం కాదని చెప్పింది. ఆ కేసులో కాంట్రాక్టు, యార్డు, గేటు రికార్డు అన్నీ ఉన్నాయి. ఇంటి పక్క ఖాళీ జాగాలో బండి నిలిపి ఈ తీర్పు చూపిస్తే ఆర్టీవో ఆఫీసులో ఒప్పుకోరు. స్టాపేజీ ఇచ్చి రసీదు తెచ్చుకోండి.