మ్యాన్‌హోల్ మీద కారు: తీయించే అధికారం ఎవరిది?

హైదరాబాద్ గల్లీల్లో ఇది దాదాపు రోజూ ఉండే గొడవే. డ్రైనేజీ పొంగిందని ఎవరో నగరంలో నీళ్లు, మురుగు చూసే జలమండలి హెల్ప్‌లైన్ 155313కి ఫోన్ చేస్తారు. జలమండలి బండి వస్తుంది. తీరా చూస్తే తెరవాల్సిన మ్యాన్‌హోల్ మూత సరిగ్గా ఒక కారు కింద ఉంటుంది. "ఈ కారెవరిదండీ?" అని నాలుగు గేట్లు కొడతారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అడుగుతారు. వాట్సాప్ గ్రూపులో నంబరు ప్లేటు ఫొటో పడుతుంది. ఎవరూ పలకరు. సిబ్బంది కాసేపు చూసి ఇంకో ఫిర్యాదు దగ్గరికి వెళ్లిపోతారు, మురుగు మాత్రం పారుతూనే ఉంటుంది.

కారు పెట్టినవాడిది తప్పే, అందులో వాదన లేదు. కానీ దాన్ని పక్కకు తీయించే అధికారం అక్కడున్న వాళ్లలో ఒక్కరికీ లేదు. ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1908 మూసీ వరదల తర్వాత నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లతో పాటు నగరానికి భూగర్భ డ్రైనేజీ ఆలోచన కూడా అప్పటిదే. పైపులు వీధుల కింద వేశారు. రెండు వైపుల ఇళ్లకీ కనెక్షన్ ఇవ్వాలంటే అదే సులువు. అప్పటి వీధుల్లో తిరిగింది టాంగాలు, సైకిళ్లు, రిక్షాలు. మోటారు కారు నవాబులకీ జాగీర్దార్లకీ ఉండేది, వాళ్ల దేవిడీల్లో, అంటే పెద్ద భవంతుల్లో, దాన్ని పెట్టుకోవడానికి చోటుకు కొదవ లేదు. రాత్రంతా బండి వీధిలోనే పడి ఉంటుందన్న ఊహ ఆ పైపులు వేసినవాళ్లకి వచ్చే అవకాశమే లేదు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 1991 తర్వాత కారు లోన్లు తేలికయ్యాయి, ఆ వెనకే ఐటీ జీతాలొచ్చాయి. ఈలోపు ఇండిపెండెంట్ ఇళ్లు పడగొట్టి అదే స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టారు. ఒక కుటుంబం ఉన్న చోటికి పది కుటుంబాలు చేరాయి. గల్లీ వెడల్పు మాత్రం పెరగలేదు. ఇరవై అడుగుల వీధి అంటే సుమారు ఆరు మీటర్లు. మారుతి 800 వెడల్పు 1.44 మీటర్లు, ఇప్పటి మధ్యరకం ఎస్‌యూవీ 1.8 మీటర్లకు దగ్గరగా ఉంటుంది. చెరో వైపు ఒక ఎస్‌యూవీ పెడితే మధ్యలో మిగిలేది సుమారు రెండున్నర మీటర్లే. బిల్డింగ్ రూల్స్‌లో పార్కింగ్ తప్పనిసరి అని రాసే ఉంది, 2012 జీవో 168 లోనూ ఉంది. కానీ కాగితం మీద పార్కింగ్ అయిన సెల్లార్ అద్దెకొచ్చే గోడౌన్ అయిపోతుంటే రూల్ ఏం చేస్తుంది? ఇంట్లో రెండో కారు గల్లీ పాలు.

ఇక చట్టం సంగతి. 1989 జూలై 1న కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చింది, దానితోపాటే రహదారి నియమాలూ వచ్చాయి. అదే ఏడాది నవంబరు 1న హైదరాబాద్ జలమండలి ఏర్పడింది. నాలుగు నెలల తేడాతో పుట్టిన ఈ రెండిటికీ మాటల్లేవు. 2017 దాకా అమల్లో ఉన్న ఆ నియమాల్లో బండి ఎక్కడ ఆపకూడదో పెద్ద జాబితానే ఉండేది: మలుపులో, ఫుట్‌పాత్ మీద, బస్టాప్ దగ్గర, స్కూలు, ఆసుపత్రి గేటు ముందు, ఫైర్ హైడ్రెంట్‌కి అడ్డంగా. అందులో మ్యాన్‌హోల్ ఉండేది కాదు, నీళ్ల వాల్వ్ చాంబర్ ఉండేది కాదు. రోడ్డు మీద పోయేవాళ్ల గురించి ఆలోచించి రాసిన నియమాలవి. రోడ్డు కింద పని ఉన్నవాడు అందులో కనపడడు.

జపాన్‌ని చూడండి. 1960 నాటి వాళ్ల రహదారి చట్టంలోనే, రోడ్డు పని జరుగుతున్న చోటు అంచు నుంచి 5 మీటర్ల లోపు పార్కింగ్ నిషేధం. ఆపై 1962లో ఇంకో చట్టం తెచ్చి, కారు కొనేవాడికి దాన్ని పెట్టుకునే చోటు ఉండి తీరాలన్నారు.

మన దగ్గర ఇంకో విచిత్రం ఉంది. 1910 నాటి విద్యుత్ చట్టం కరెంటు లైసెన్సుదారుకు వీధి తవ్వే అధికారం ఇచ్చింది. 2003 చట్టంలో 67వ సెక్షన్‌గా అది కొనసాగింది. అంటే కరెంటు పంపిణీ చేసే డిస్కమ్ వాళ్లు రోడ్డు పగలగొట్టవచ్చు, దాని మీదున్న కారును మాత్రం ముట్టుకోకూడదు. ఆ పని పోలీసులది. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం, పది గంటలు లేదా అంతకు మించి వదిలేసిన బండినిగానీ, పార్కింగ్ నిషేధించిన చోట ఉన్న బండినిగానీ క్రేన్‌తో తీయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికే ఉంది. కాలనీ గల్లీలో నో పార్కింగ్ బోర్డు ఉండదు. వదిలేసిన బండి ట్రాఫిక్‌కి ప్రమాదంగానో అడ్డంగానో ఉంటే తప్ప, ఇక మిగిలేది పది గంటల లెక్క. పొంగే డ్రైనేజీ పది గంటలు ఆగుతుందా?

అడ్డంకికి శిక్ష లేకపోలేదు. అదే మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ఇతరులకు ఇబ్బంది కలిగేలా బండి వదలకూడదంటుంది. 1860 నాటి శిక్షాస్మృతి 283వ సెక్షన్ కింద దారికి అడ్డం పెడితే జరిమానా గరిష్ఠంగా 200 రూపాయలు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 285 కింద అది 5,000 వరకు పెరిగింది. అయితే జరిమానా వేస్తే కారు కదలదు కదా.

వెనకటికి నలుగురు కలిసి నెట్టేవారు. ఇప్పుడు ఆటోమేటిక్ కారు "పీ" (పార్క్) గేరులో ఉంటే చక్రం తిరగదు. గట్టిగా ఊపితే అలారం మోగుతుంది, గీత పడితే నువ్వే కట్టాలంటూ యజమాని అప్పుడు ప్రత్యక్షమవుతాడు. నీళ్ల లైన్‌మన్ పరిస్థితీ ఇంతే. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే వీధిలో, పొడవాటి ఇనుప కడ్డీతో వాల్వ్ తిప్పడానికి వచ్చినప్పుడు చాంబర్ మీద టైరు ఉంటే ఆ వీధివాళ్లు మరుసటి వంతు దాకా ఆగాల్సిందే.

ఇరుకు గల్లీల కోసమే జలమండలి 2017లో నీటి ధారతో మురుగు అడ్డు తొలగించే 70 మినీ జెట్టింగ్ యంత్రాలను దించింది. మురుగు లైన్లు శుభ్రం చేసే పెద్ద ఎయిర్‌టెక్ బండి పోలేని చోటికి ఇవి పోతాయి. అయినా మూత తెరుచుకోవాలి కదా. రక్షణ లేకుండా మనుషులను మురుగు గుంటల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు సీవర్ (మురుగు లైను) మరణాలకు పరిహారం 30 లక్షలకు పెంచింది. 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషులతో సీవర్ శుభ్రం చేయించడాన్ని నిలిపేయమంది. అంటే ఇక యంత్రమే దిక్కు. యంత్రం చేరకపోతే పక్క మూతలోంచి ఎవరినో దింపుదామన్న ఆలోచన ఎక్కడో ఒకచోట ఎవరికో రాక మానదు. కారు అడ్డాన్ని పార్కింగ్ తగాదాగా కొట్టిపారేయకూడనిది ఇందుకే.

127వ సెక్షన్‌ని మార్చాలంటే పార్లమెంటు కావాలి. కానీ అదే సెక్షన్‌లో నిషేధిత స్థలానికి పది గంటల గడువు లేదు. ఎక్కడ బండి ఆపవచ్చో నిర్ణయించే అధికారం 117వ సెక్షన్ కింద రాష్ట్రానికే ఉంది. తరచూ పొంగే మూతల చుట్టూ, వాల్వ్ చాంబర్ల చుట్టూ పసుపు గీత గీసి, అక్కడ పార్కింగ్ లేదని నోటిఫై చేస్తే, పోలీసు వచ్చిన నిమిషానే క్రేన్ పిలవవచ్చు. క్రేన్ ఖర్చు కారు యజమానే కట్టాలని ఆ సెక్షన్ మూడో క్లాజు ఎప్పుడో చెప్పింది.