నైరేరే: ఏటా పరీక్ష పేపర్లలో ఎదురయ్యే అపోహలు, అసలు వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు ప్రపంచ చరిత్ర చెప్పేవాళ్లలో ఆఫ్రికా యూనిట్‌ను సెమిస్టర్ చివరికి నెట్టనివాళ్లు తక్కువ. నేనూ చాలా ఏళ్లు అలాగే నెట్టాను. పరీక్షల ముందు రెండు పీరియడ్లలో పది దేశాలు లాగించేస్తే పిల్లల బుర్రలో మిగిలేది పేర్ల కిచిడీయే. అందులో అన్నిటికంటే ఎక్కువ నలిగిన పేరు తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ నైరేరే. ఒక పేపర్లో ఆయన గాంధీ శిష్యుడు, పక్క పేపర్లో కమ్యూనిస్టు నియంత, మూడో దాంట్లో భారతీయులను తరిమేసినవాడు. దిద్దుతూ దిద్దుతూ రాసుకున్న నోట్సు ఇది. గ్రూప్స్‌కి చదివేవాళ్లకూ పనికొస్తుంది.

అపోహ: 1961లో టాంజానియాకు స్వాతంత్ర్యం వచ్చింది, నైరేరే అధ్యక్షుడయ్యాడు.

బిట్లలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. 1961 డిసెంబర్ 9న బ్రిటిష్ జెండా దిగింది టాంగన్యికాలో. టాంజానియా అన్న పేరే అప్పటికి పుట్టలేదు. ఆ రోజున నైరేరే ప్రధానమంత్రి. ఆరు వారాలు దాటగానే ఆ పదవికి రాజీనామా చేసి, కుర్చీని సహచరుడు రషీది కవావాకు అప్పగించి, పార్టీ పని మీద ఊళ్లు పట్టుకు తిరిగాడు. సరిగ్గా ఏడాదికి, 1962 డిసెంబర్ 9న, దేశం రిపబ్లిక్ అయ్యాకే అధ్యక్షుడయ్యాడు. జాంజిబార్ దీవులు వేరే సుల్తాను రాజ్యం. వాటికి 1963 డిసెంబర్‌లో స్వాతంత్ర్యం వస్తే, నెల తిరిగేసరికే, 1964 జనవరి 12న, తిరుగుబాటు సుల్తానును సాగనంపింది. ఏప్రిల్ 26న రెండూ కలిశాయి. టాంగన్యికాలోని ‘టాన్’, జాంజిబార్‌లోని ‘జాన్’ కలిపి పేరు కుట్టింది ఆ అక్టోబర్‌లో.

(అప్పటి రాజధాని దారుస్సలాం అనగానే హైదరాబాద్ పిల్లలు నవ్వుతారు, వాళ్లకు ఆగాపురాలోని దారుస్సలాం గుర్తొస్తుంది. రెండూ ఒకే అరబ్బీ మాట, శాంతి నిలయం అని. స్వాహిలీలో కొట్టును ‘దుకా’ అంటారు, బండిని ‘గారి’ అంటారు. ఇవి చెప్పాక క్లాసులో నిద్రపోయేవాళ్లు తగ్గారు.)

అపోహ: చీఫ్ కొడుకు కాబట్టి రాజభోగాల్లో పెరిగాడు.

తండ్రి చీఫ్ అన్నమాట నిజమే. కానీ విక్టోరియా సరస్సుకు తూర్పున బుటియామా అనే పల్లెలో, జనకీ అనే చిన్న తెగకు చీఫ్. ఆయనకు 22 మంది భార్యలు, మన నైరేరే అయిదో భార్య కొడుకు. 1922లో వానలో పుట్టాడని కంబరాగే అని పేరు పెట్టారు, అది వాన దేవత పేరు. ‘నైరేరే’ తండ్రి పేరు, వాళ్ల భాషలో గొంగళిపురుగు అని అర్థం. ఆ తండ్రి పుట్టిన ఏడు పురుగు పంటల మీద పడిందట. పిల్లాడు మేకలు కాసి, పన్నెండో ఏట బడి గడప తొక్కాడు. జూలియస్ అన్నది 1943లో బాప్టిజం తీసుకున్నప్పుడు వచ్చిన పేరు.

అపోహ: మన నాయకుల్లాగే ఏళ్లకు ఏళ్లు జైళ్లలో మగ్గి స్వాతంత్ర్యం తెచ్చాడు.

ఘానాలో ఎన్‌క్రుమా, కెన్యాలో కెన్యాట్టా జైలుకెళ్లారు. నైరేరే వెళ్లలేదు. 1958లో ఇద్దరు బ్రిటిష్ జిల్లా అధికారుల మీద పార్టీ పత్రికలో రాసినందుకు పరువునష్టం కేసు పడింది. మూడు వేల షిల్లింగుల జరిమానా లేదా ఆరు నెలల జైలు అన్నారు. జరిమానా కట్టి బయటికొచ్చాడు. అక్కడ రక్తపాతం లేకుండా పని జరగడానికి ఆయన మంచితనం ఒక్కటే కారణం కాదు. టాంగన్యికా మొదట జర్మన్ వలస. 1905-07లో మజిమజి తిరుగుబాటును జర్మన్లు ఎంత ఘోరంగా అణిచారో ముసలివాళ్లకింకా గుర్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అది బ్రిటన్ చేతికొచ్చినా సొంత ఆస్తిగా రాలేదు. నానాజాతి సమితి అప్పగించిన ప్రాంతం, ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి ట్రస్టీషిప్ కిందికి వచ్చింది. కాబట్టి బ్రిటన్ ఏటా లెక్క చెప్పాలి. 1955లో నైరేరే న్యూయార్క్ వెళ్లి ట్రస్టీషిప్ కౌన్సిల్ ముందు మాట్లాడింది అందుకే. తిరిగొచ్చాక ఉద్యోగమో రాజకీయమో తేల్చుకోవాల్సి వచ్చింది. పుగూలో మిషనరీ కాలేజీ పంతులు పని మానేశాడు. ‘మ్వాలిము’, అంటే పంతులుగారు, అన్న పిలుపు మాత్రం చచ్చేదాకా పోలేదు. ఉర్దూ తెలిసినవాళ్లకు ‘ముఅల్లిం’ వినిపిస్తుంది, రెండింటి మూలం ఒకటే.

ఇంకొకటి, నైరేరే నడిపిన టాను (టాంగన్యికా ఆఫ్రికన్ నేషనల్ యూనియన్) పార్టీని ఊరూరా పాతుకునేలా చేసినవాళ్లలో ఆడవాళ్లు ముందున్నారు. దారుస్సలాం పాటల బృందాల నుంచి వచ్చిన బీబీ తీతీ మహమ్మద్ వేల మంది స్త్రీలకు పార్టీ కార్డులు ఇప్పించింది. అదే తీతీకి నైరేరే పాలనలోనే రాజద్రోహం కేసులో యావజ్జీవ శిక్ష పడింది. 1972లో వదిలేశారు. ఈ రెండు వాక్యాలనూ ఒకే జవాబులో పక్కపక్కన రాసే పిల్లల కోసం ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను.

అపోహ: ఉజమా అంటే రష్యా నుంచి తెచ్చిన కమ్యూనిజం.

ఉజమా అన్నది నైరేరే తన సోషలిజానికి పెట్టుకున్న పేరు. ఇది కాస్త నిదానంగా చెప్పాలి. ముందు 1966 అక్టోబర్‌లో ఒక రోజు చూడండి. చదువైపోయాక రెండేళ్లు నేషనల్ సర్వీస్ చెయ్యాలి, జీతం కోతతో, అని ప్రభుత్వం అంది. యూనివర్సిటీ కుర్రాళ్లు ఎర్ర గౌన్లు వేసుకుని అధ్యక్ష భవనానికి ఊరేగింపుగా వెళ్లారు. ‘ఇంతకంటే వలస పాలనే మేలు’ అని అర్థమొచ్చే ప్లకార్డు ఒకటి పట్టుకున్నారు. నైరేరేకు ఒళ్లు మండిపోయింది. దాదాపు నాలుగు వందల మందిని చదువు ఆపించి ఇళ్లకు పంపాడు. అక్కడే ఇంకో మాట అన్నాడు: జీతాల గురించి మీరన్నది నిజమే, మా జీతాలు ఎక్కువే. తన జీతం 20 శాతం కోసేసుకున్నాడు, పెద్ద అధికారుల జీతాలూ కోశాడు. పిల్లలను గెంటేయడం, తన జీతం కోసుకోవడం, రెండూ ఒకే కోపంలోంచి వచ్చాయి. ఆ మనిషిని అర్థం చేసుకోవడానికి నేను పాఠం ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

నాలుగు నెలలు తిరక్కుండా, 1967 ఫిబ్రవరి 5న, పార్టీ విధానం చెప్పే అరూషా ప్రకటన వచ్చింది (అరూషా అక్కడి ఒక పట్టణం). బ్యాంకులు, పెద్ద కంపెనీలు ప్రభుత్వపరం. పార్టీ నాయకుడు రెండో జీతం తీసుకోకూడదు, షేర్లు కొనకూడదు, ఇళ్లు అద్దెకివ్వకూడదు. ‘ఉజమా’ అంటే కుటుంబ బంధం. మార్క్స్‌ను ఆయన నెత్తిన పెట్టుకోలేదు, రోజూ చర్చికెళ్లే కాథలిక్. మన ఉమ్మడి కుటుంబంలో ఎవడూ పస్తుండడు కదా, ఊరంతా అలా ఉంటే చాలదా అన్నది ఆయన వాదన.

ఆ ఆలోచన బల్ల మీద పుట్టింది కాదు. దక్షిణాన రువుమాలో లిటోవా లాంటి ఊళ్లలో రైతులు తమంతట తామే కలిసి సాగు చేసుకుంటున్నారు, సొంత బడి నడుపుకుంటున్నారు. నైరేరే వాళ్లను మెచ్చుకున్నాడు. తీరా 1969లో ఆ సంఘాన్నే పార్టీ రద్దు చేసింది, పార్టీ మాట వినకుండా తమ పని తాము చేసుకుంటున్నారని. నా లెక్కలో ఉజమా ఓడిపోయింది ఆ రోజునే. జనాన్ని కొత్త గ్రామాలకు తరలించే లారీలు రావడానికింకా నాలుగేళ్లుంది.

ఆ లారీలు 1973 తర్వాత వచ్చాయి. అందరూ గ్రామాల్లోకి మారాల్సిందేనని పార్టీ ఆజ్ఞ, 1976 ఆఖరు గడువు. కోటి మందికి పైగా కొత్త గ్రామాల లెక్కలోకొచ్చారు. కదలనంటే కొన్నిచోట్ల ఇళ్లు తగలబెట్టారు. రోడ్డు పక్కన వరసగా ఇళ్లు, పొలమేమో మైళ్ల దూరం. రైతుకు పొద్దున్నే పొలం దాకా నడవడమే సగం పని అయింది. ఆ సమయానికే కరువు, చమురు ధరలు. 1974లో మొక్కజొన్న దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. అరటి, కాఫీ తోటలతో అప్పటికే కిక్కిరిసి ఉన్న కిలిమంజారో, బుకోబా వైపు ఈ బాధ అంత తగల్లేదు. మరి అన్నీ పోయాయా? ఊరికో బడి, దగ్గర్లో ఆసుపత్రి, పెద్దవాళ్లకు అక్షరాలు... ఇవి ఆ గ్రామాల వల్లే సాధ్యమయ్యాయి. కాబట్టి ‘ఉజమా పూర్తిగా విఫలం’ అని ఒక్క ముక్కలో రాసినా నేను సగం మార్కులే వేస్తాను.

అపోహ: ఆయన భారతీయులను వెళ్లగొట్టాడు.

అది ఉగాండాలో ఇదీ అమీన్, 1972లో, 90 రోజుల గడువుతో. దాన్ని జాత్యహంకారమని గట్టిగా తప్పుపట్టిన ఆఫ్రికా అధ్యక్షుడు నైరేరే. అంతకు ముందే, 1961లో పౌరసత్వ బిల్లు మీద సొంత పార్టీవాళ్లే రంగు చూసి పౌరసత్వం ఇవ్వాలంటే, రాజీనామా చేస్తానని బెదిరించి మరీ ఆపాడు. మ్వాంజాలో పుట్టిన గుజరాతీ మూలాల అమీర్ జమాల్ చాలా ఏళ్లు ఆయన ఆర్థిక మంత్రి.

అయితే కథ అక్కడితో అయిపోదు. 1971లో లక్ష షిల్లింగుల విలువ దాటిన అద్దె భవనాలను ప్రభుత్వం తీసేసుకుంది. చట్టంలో జాతి పేరు ఎక్కడా లేదు, కానీ ఆ భవనాల్లో ఎక్కువ భాగం భారతీయ మూలాలవాళ్లవే. జీవితకాలం దుకాణం నడిపి మేడ కట్టుకున్నవాడికి చట్టంలో జాతి మాట లేదని చెబితే ఏం ఊరట? చాలా కుటుంబాలు కెనడాకూ బ్రిటన్‌కూ వెళ్లిపోయాయి. ‘తరిమాడు’ అని రాయడం తప్పు. ఏమీ జరగలేదని రాయడమూ తప్పే.

అపోహ: ఆఫ్రికా గాంధీ, హింస అంటే గిట్టదు.

1995లో మన ప్రభుత్వం మొట్టమొదటి గాంధీ శాంతి బహుమతి ఇచ్చింది ఆయనకే, అందుకే ఈ ముద్ర గట్టిగా పడిపోయింది. మరి విచారణ లేకుండా నిర్బంధించే చట్టం 1962లో తెచ్చింది ఎవరు? 1965లో ఒకే పార్టీ దేశం చేసింది ఎవరు? మొజాంబిక్ గెరిల్లాలకు, దక్షిణాఫ్రికాలో మండేలా పార్టీ ఏఎన్‌సీకి శిబిరాలు ఇచ్చింది, 1978లో అమీన్ సైన్యం టాంజానియా సరిహద్దులోని కగేరాలోకి చొరబడితే తరుముకుంటూ వెళ్లి 1979 ఏప్రిల్‌లో ఉగాండా రాజధాని కంపాలా పట్టుకుంది ఎవరు? అదీ ఆయనే. 1964 జనవరిలో సొంత సైన్యం ఎదురు తిరిగినప్పుడు బ్రిటిష్ దళాలను పిలవాల్సి వచ్చింది. వలస పాలకుణ్ని వెనక్కి పిలిచిన ఆ అవమానం ఆయన్ను చాలా కాలం బాధపెట్టింది.

అపోహ: స్వాహిలీని ఆయనే రుద్దాడు.

తీరంలో, వర్తకుల దారుల్లో అది ఎప్పటి నుంచో ఉంది, జర్మన్లూ ఆఫీసుల్లో వాడారు. 120కి పైగా తెగలున్న దేశంలో తన సొంత జనకీ భాషను పక్కనబెట్టి దాన్ని జాతీయ భాష చేయడం ఆయన పని. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ను 1963లో స్వయంగా స్వాహిలీలోకి తెచ్చాడు, పేరు కలిసిందనేమో అని మా పిల్లల జోకు. కానీ హైస్కూలు నుంచి ఇంగ్లీషు మీడియమే ఉండిపోయింది. మన దగ్గరి మీడియం గొడవ విన్నవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

అపోహ: 1985లో కుర్చీ దిగాక రాజకీయం వదిలేశాడు.

అధ్యక్ష పదవి తనంతట తానే వదిలాడు, ఆనాటి ఆఫ్రికాలో అది చిన్న సంగతి కాదు. కానీ 1990 దాకా పార్టీ పగ్గాలు ఆయన చేతిలోనే. తను ఏళ్ల తరబడి కాదన్న ఐఎంఎఫ్ ఒప్పందం మీద 1986లో వారసుడు మ్విన్యీ సంతకం చేయడం కూర్చుని చూశాడు. 1987 నుంచి 1990 వరకు పేద దేశాల తరఫున సౌత్ కమిషన్‌కు అధ్యక్షుడు, దానికి జెనీవాలో సెక్రటరీ జనరల్ మన మన్మోహన్ సింగ్. ఏడాది తిరిగేసరికి ఆ మన్మోహనే ఢిల్లీలో ఆర్థిక మంత్రిగా తలుపులు తెరిచాడు. ఈ జంటను పక్కపక్కన పెట్టినప్పుడు క్లాసులో వచ్చే గుసగుస నాకు చాలా ఇష్టం.

చివరి పని బురుండీ అంతర్యుద్ధంలో రాజీ. అరూషాలో హుటూ, టుట్సీ పార్టీలను ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడిస్తుండగానే బ్లడ్ క్యాన్సర్ ముదిరింది. 1999 అక్టోబర్ 14న లండన్‌లో పోయాడు, బుటియామాలో పాతిపెట్టారు. అరూషాలో ఆయన వదిలిన కుర్చీలో తర్వాత కూర్చున్నది మండేలా.