విలన్ మనుషులు ఒక్కొక్కరే ఎందుకొస్తారు?

గూఢచారి సినిమాలో ఫైట్ మొదలయ్యాక ఒక్కసారి హీరోని వదిలేసి వెనకవరసలో ఉన్నవాళ్లను చూడండి. నల్లబట్టలు, చేతిలో ఇనప రాడ్డు, మొహం నిండా కోపం. ఉన్నచోటే కాళ్లు మార్చి మార్చి వేస్తుంటారు. ముందుకొస్తున్నట్టే ఉంటారు గానీ ఒక్క అడుగూ పడదు. ముందువాడు దెబ్బతిని పక్కకు దొర్లాక గానీ రెండోవాడికి తన వంతు గుర్తురాదు. ప్రొద్దుటూరులోనో ఆదోనిలోనో నేల టికెట్టు వైపు కూర్చుంటే ఈ సమయానికి ఎవరో ఒకరు అరిచే తీరతారు: "ఏందిరా, ఒకడొకడే పోతాండారు! అందరూ కల్సి మీద పడితే ఐపాయె గదా!"

ఆ అరిచినాయన మాటకు గణితంలో గట్టి ఆధారం ఉంది. అది దొరికింది కూడా ఒక కార్ల ఇంజనీరుకు.

ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఇంగ్లండులో మొదటితరం మోటారు కార్లు తయారుచేసినవాళ్లలో ఒకడు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు, యుద్ధంలో విమానాలు ఏ మేరకు పనికొస్తాయని ఆలోచిస్తూ వ్యాసాలు రాశాడు. 1916లో అవి పుస్తకంగా వచ్చాయి. అందులో ఆయన వేసుకున్న ప్రశ్న చాలా మామూలుది. ఇటు కొందరు, అటు కొందరు కొట్టుకుంటే చివరికి ఎవరు మిగులుతారు? ఎంతమంది మిగులుతారు? రష్యాలో ఒసిపోవ్ అనే ఆయన 1915లో, ఈయనతో సంబంధం లేకుండానే దాదాపు ఇదే లెక్క కట్టాడు.

లాంచెస్టర్ పోరాటాలను రెండు రకాలుగా విడదీశాడు. మొదటిది కత్తియుద్ధం. ఒకడి కత్తి ఒకడికే అందుతుంది. మీ వెనక ఇంకా వందమంది ఉన్నా, ముందువాడు పడేదాకా వాళ్లు చూస్తూ నిలబడాల్సిందే. అలాంటప్పుడు ఒక పక్షం బలమంటే ఒక్కొక్కడి సత్తాను తలల సంఖ్యతో గుణిస్తే వచ్చేది, అంతే. రెండోది తుపాకుల యుద్ధం. ఇక్కడ ఎవరైనా ఎవరినైనా గురిచూడొచ్చు. మీవైపు మనుషులు రెట్టింపయితే రెండు లాభాలు ఒకేసారి కలుగుతాయి. అవతలివాళ్ల మీద పడే గుళ్లు రెట్టింపవుతాయి. వాళ్లు కాల్చే గుళ్లేమో మీలో ఎక్కువమంది మధ్య పంచుకుపోయి, ఒక్కొక్కరి వంతుకు సగమే వస్తాయి. రెండు రెళ్లు నాలుగు. అందుకే ఈ రకం పోరులో సత్తాను గుణించాల్సింది సంఖ్యతో కాదు, సంఖ్య వర్గంతో, అంటే ఆ సంఖ్యను అదే సంఖ్యతో గుణిస్తే వచ్చేదానితో.

ఇప్పుడు మన గూఢచారిని పదిమంది ముందు నిలబెడదాం. పదిమందీ ఒకేసారి మీదపడగలిగితే వాళ్ల బలం పది పదులు వంద. హీరో గెలవాలంటే వాళ్లలో ఒక్కొక్కడికంటే వందరెట్లు మేటి అయి ఉండాలి. అదే పదిమంది అయిదుగురు చొప్పున రెండు విడతలుగా వస్తే ఇరవైఅయిదూ ఇరవైఅయిదూ యాభై. సగం తగ్గిపోయింది. ఒక్కొక్కరే వస్తే పది ఒకట్లు, మొత్తం పది. మనుషులు వాళ్లే, రాడ్లు అవే. వరస మారేసరికి వంద కాస్తా పదికి దిగింది. పదిరెట్లు మేటి అయిన మొనగాడు అంటే ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు, వందరెట్లు అంటే ఈల వేయడు, నవ్వుతాడు. ఫైట్ మాస్టర్లు కెమెరా కోసం, ఎవరికీ దెబ్బలు తగలకుండా చూడటం కోసం ఒక్కొక్కరినే పంపిస్తారన్నది నిజమే. ఆ ఏర్పాటే హీరో పని పదోవంతుకు తగ్గించేస్తుంది. (ఇది సగటు లెక్క. పదిమంది స్థాయిలో అదృష్టానికి కూడా చోటుంటుంది. వేలమంది సైన్యాల దగ్గర అది చాలావరకు సర్దుకుపోతుంది.)

శత్రువును ముక్కలు చేసి కొట్టడమనే ఎత్తు నిజం యుద్ధాల్లోనూ ఉంది. 1805లో ట్రఫాల్గర్ నౌకాయుద్ధానికి ముందు బ్రిటిష్ నౌకాదళాధిపతి నెల్సన్ రాసుకున్న పథకాన్ని లాంచెస్టర్ తన సూత్రంతో పరీక్షించాడు. ఆ పథకం ప్రకారం బ్రిటిష్ ఓడలు 40, ఎదుటివి 46. ఎదురెదురుగా నిలబడి కాల్చుకుంటే 1600కు 2116, ఓటమి ఖాయం. నెల్సన్ అనుకున్నది శత్రువు వరసను మధ్యలో తెంచాలని. 32 ఓడలతో వెనకసగం మీద పడాలి, 8 ఓడలతో ముందుసగాన్ని వెనక్కి తిరక్కుండా ఆపాలి. అప్పుడు శత్రువు బలం రెండు ఇరవైమూళ్ల వర్గాలు, అంటే 1058. బ్రిటిష్ వైపు 32 వర్గమూ 8 వర్గమూ కలిపితే 1088. అసలు యుద్ధంనాటికి రెండువైపులా ఓడల సంఖ్య మారిపోయింది, కానీ ఎత్తు మాత్రం పారింది. వర్గసూత్రం పుట్టడానికి నూరేళ్ల ముందే ఒక నావికుడు దాన్ని అంచనా కట్టేశాడు.

తుపాకుల సీన్లో సినిమా ఇంకో దారి తొక్కుతుంది. అక్కడ ఒక్కొక్కరే రావడం కుదరదు, అందరి చేతుల్లోనూ మిషన్ గన్లే. మరి హీరో ఎలా బతుకుతాడు? హీరో రెండు గుళ్లకొకటి తగిలిస్తాడనుకోండి. ఇద్దరూ ఒకే వేగంతో కాలుస్తుంటే, పదిమంది ముఠా అతనికి సమవుజ్జీగా నిలవడానికి ఒక్కొక్కడికి అతని గురిలో వందోవంతు ఉంటే సరిపోతుంది. అంటే రెండొందల గుళ్లకు ఒకటి తగిలితే చాలు. హీరో గెలిచాడంటే విలన్ మనుషులు అంతకంటే అధ్వాన్నంగా కాల్చి తీరాలి. గోడలకు, పూలకుండీలకు, ఫిష్ ట్యాంకుకు తగిలే ఆ గుళ్లన్నీ కథకు తప్పనిసరి ఖర్చు. రెండొందల గుళ్లలో ఒక్కటి కూడా మనిషికి తగిలించలేనివాళ్లను జీతాలిచ్చి మేపే విలన్ ప్రపంచాన్నే ఏలాలనుకోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

పోనీ హీరో తెలివైనవాడైతే పోరాటానికి చోటు ఎలాంటిది ఎంచుకోవాలి? మా సీమలో దీనికి జవాబు కొండరాతిలో ఉంది. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి గండికోట వచ్చాడు. కోటకు ఎక్కే దారి ఒక్కటేనని, కొండను తొలిచిన ఆ దారి ఇరవై, ఇరవైఅయిదు అడుగుల కంటే వెడల్పు లేదని, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులేనని రాశాడు. కుడిపక్కన భయంకరమైన లోయ, అడుగున పెద్ద నది. ఆ నది పెన్న. ఇప్పుడు జమ్మలమడుగు నుంచి వెళ్లి ఫొటోలు దిగేవాళ్లు ఆ లోయను అందం కోసం చూస్తారు. కోట కాచేవాడు దాన్ని చూసే లెక్క వేరు. ఏడడుగుల దారిలో కత్తి తిప్పుతూ పక్కపక్కన ఎంతమంది నడవగలరు? ఒకడు, మహా అయితే ఇద్దరు. కింద పదివేలమంది దండు దిగి ఉన్నా కోట తలుపు దగ్గరికి చేరేది ఆ ఇద్దరే. వర్గసూత్రాన్ని మామూలు గుణకారానికి దించేసే యంత్రం ఆ దారి. టావెర్నియర్ చెప్పినదాన్నిబట్టి, మీర్ జుమ్లా ఫిరంగులను కొండమీదికి లాగించాకే కోట చిక్కింది. దూరం నుంచి కొట్టే ఫిరంగికి దారి ఇరుకైతేనేం, విశాలమైతేనేం.

ఈ లెక్కన బెలుం గుహలు విలన్ స్థావరానికి చూడ్డానికి బాగుంటాయి గానీ, పనికి మాత్రం శుద్ధ దండగ. కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల పొడవున భూమి కింద మెలికలు తిరిగిన సొరంగాలవి. కొన్నిచోట్ల పెద్ద గదుల్లా విప్పారతాయి, కొన్నిచోట్ల మనిషి వంగి, పక్కకు తిరిగి పోవాల్సినంత ఇరుకు, పైగా ఉక్కపోత. అక్కడ వందమంది అనుచరులున్నా హీరోకు ఎదురుపడేది ఒక్కడే. మిగతా తొంభైతొమ్మిది మంది ముందువాడి వీపు చూస్తూ చెమటలు కక్కుతుంటారు. విలన్‌కు కావలసింది అడ్డుస్తంభాలు లేని చదునైన పెద్ద హాలు. హీరోకు కావలసింది మెట్లదారి, లిఫ్టు, రైలుపెట్టె నడవ. మంచి గూఢచారి సినిమాల్లో గుర్తుండిపోయే కొట్లాటలు రైలుపెట్టెల్లో జరగడానికి ఇది కూడా ఒక కారణం అనుకుంటాను.

చదునైన హాల్లో అయినా పదిమందీ ఒకేసారి కొట్టలేరు, ఆ సంగతి కూడా చెప్పాలి. మనిషి చుట్టూ మీటరు దూరంలో వలయం గీస్తే దాని చుట్టుకొలత ఆరు మీటర్ల పైచిలుకు. ఒట్టిచేతులతో అయితే ఆరుగురు పడతారు. రాడ్డో వేటకొడవలో తిప్పాలంటే ఒక్కొక్కడికి మీటరున్నర ఖాళీ కావాలి, అప్పుడు నలుగురే. అయిదోవాడు దూరితే మొదట తెగేది పక్కవాడి చెయ్యే. తుపాకులతో వలయం కడితే మరీ ఘోరం, హీరోకు తగలని ప్రతి గుండూ అవతల నిలబడ్డ తనవాడి వైపే పోతుంది. కాబట్టి వెనకవరసవాళ్ల తటపటాయింపులో కొంత న్యాయం ఉంది.

కొంతే. మిగతాది మనస్తత్వం. దాన్ని మొదట కొలిచినవాడు మాక్స్ రింగెల్‌మాన్, ఫ్రాన్సులో వ్యవసాయ ఇంజనీరు. గుర్రాలు, ఎద్దులు, మనుషులు, యంత్రాలు ఎంత బరువు ఎంత సమర్థంగా లాగుతాయన్నది ఆయన పరిశోధన. 1880ల్లో మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు, ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఒక్కడే లాగినప్పుడు పెట్టే బలం నూరనుకుంటే, ఇద్దరున్నప్పుడు ఒక్కొక్కడిదీ 93కు పడింది. నలుగురున్నప్పుడు 77. ఎనిమిదిమంది కలిస్తే 49. ఎనిమిదిమంది జీతం, నలుగురి పని.

ఇందులో కొంత నష్టం అందరూ ఒకే క్షణంలో లాగకపోవడం వల్ల కావచ్చు. 1974లో అమెరికాలో ఇంగమ్ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం ఆ అనుమానం తీర్చింది. కళ్లకు గంతలు కట్టి, నీ వెనక ఇంకా మనుషులు లాగుతున్నారని నమ్మించారు. వెనకున్నవాళ్లు లాగినట్టు నటించారే తప్ప తాడు మీద బలం పెట్టింది ఒక్కడే. అయినా వాడి లాగుడు తగ్గిపోయింది. 1979లో లటానే బృందం తాడు వదిలేసి చప్పట్లు, కేకలతో ఇదే పరీక్ష చేసింది. ఆరుగురు కలిసినప్పుడు ఒక్కొక్కరి నుంచి వచ్చిన శబ్దం ఒంటరిగా ఉన్నప్పటిదాంట్లో 40 శాతమే. ఆ పరీక్ష కర్నూల్లో ఏ బెనిఫిట్ షోలోనో పెట్టి ఉంటే వాళ్ల సిద్ధాంతమేమయ్యేదో గానీ, ప్రయోగశాలలో మాత్రం ఫలితం అదే.

మనుషులు ఎప్పుడు బద్ధకించరు? ఎవడు ఎంత చేశాడో విడిగా కొలుస్తున్నారని తెలిసినప్పుడు. అదే పరిశోధకులు 1981లో చూపించిన సంగతి ఇది. తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. రెండుపళ్లు, నాలుగుపళ్లు, ఆరుపళ్లు అని వయసును బట్టి జతలను విడగొడతారు. ఇచ్చిన సమయంలో బండ ఎంత దూరం కదిలిందో టేపు పట్టి కొలుస్తారు. కాడికింద రెండే గిత్తలు. ఒకటి వెనకబడితే కాడి వంకరపోతుంది, గట్టున కూర్చున్న ముసలాయనకు కూడా అది ఏ గిత్తో తెలిసిపోతుంది. మైకులో యజమాని ఊరూ పేరూ వినిపిస్తూనే ఉంటుంది. అక్కడ దాక్కోవడానికి గుంపు లేదు.

విలన్ చేసేది దీనికి పూర్తిగా తలకిందులు. అందరికీ ఒకే నల్లబట్టలు, ఒకే హెల్మెట్టు. ఎవరికీ పేరుండదు. ఎవడు ముందుకు దూకాడో, ఎవడు ఊరికే గెంతాడో లెక్క రాసేవాడు లేడు. బద్ధకానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ప్రయోగశాలలో కూడా కుదరదు. దీనికి మినహాయింపు ప్రతి గూఢచారి సినిమాలోనూ ఒకడుంటాడు, పేరున్న అనుచరుడు. 1964 నాటి 'గోల్డ్‌ఫింగర్'లో ఉక్కు అంచున్న టోపీ విసిరే ఆడ్‌జాబ్ అలాంటివాడు. ఆ పాత్ర వేసిన హెరాల్డ్ సకాటా 1948 లండన్ ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున బరువులెత్తి రజతం గెలిచినవాడు. 1977లో 'ది స్పై హూ లవ్డ్ మీ'లో ఉక్కుపళ్ల జాస్‌గా వచ్చిన రిచర్డ్ కీల్ ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు. లాంచెస్టర్ భాషలో చెప్పాలంటే వీళ్లు సంఖ్య కాదు, సత్తా. వాడు ఓడితే ఎవడు ఓడాడో అందరికీ తెలుస్తుంది కనుక చివరిదాకా నిజంగానే కొట్టుకుంటాడు. హీరోకు ముప్పైమంది గుంపుతో పట్టే సమయం కంటే వీడొక్కడితో ఎక్కువ పట్టడం నాకు సబబుగానే తోస్తుంది.

ఈ లెక్కలకు ఇటీవల చీమల నుంచి సాక్ష్యం దొరికింది. ఆస్ట్రేలియాలో మీట్ యాంట్స్ అనే పెద్ద స్థానిక చీమలున్నాయి. అక్కడికి వలస వచ్చి చేరిన అర్జెంటీనా చీమలు చిన్నవి, కానీ వాటి దండు లెక్కలేనంత. 2023లో అక్కడి పరిశోధకులు మొదట 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' అనే కంప్యూటర్ ఆటలో కొద్దిమంది బలమైన సైనికులను పెద్ద గుంపు మీదికి వదిలి చూశారు, ఒకసారి మైదానంలో, ఒకసారి అడ్డుగోడల మధ్య. తరువాత నిజం చీమలతో అదే చేశారు. ఒక పక్క ఇరవై పెద్ద చీమలు, అవతల రెండొందల దాకా చిన్న చీమలు. ఒక పెట్టె ఖాళీగా, చదునుగా ఉంచారు. ఇంకోదానిలో చెక్కముక్కలు అడ్డంపెట్టి ఇరుకు సందులు చేశారు. సందులున్న పెట్టెలో పెద్ద చీమలు తక్కువ చచ్చాయి.

చదునైన చోటు గుంపుకు లాభం, సందుల చోటు బలవంతుడికి లాభం. ఆ పరిశోధకులు ఇక్కడితో ఆగలేదు. మనుషులు పొదలు కొట్టేసి, పుల్లలూ ఆకులూ ఊడ్చేసి, నేల చదును చేసి సిమెంటు పోసిన చోట్ల వలస చీమలు ఎందుకంతగా విజృంభిస్తాయో దీంతో కొంత అర్థమవుతుందని అన్నారు. ఎండుపుల్లలు, రాళ్లు, గడ్డి దుబ్బులు తిరిగి నేలమీదికి వస్తే స్థానిక చీమలకు పోరాడే వీలు చిక్కవచ్చని వాళ్ల సూచన.